వాల్ట్జ్‌కు జత దొరకకముందే చేయదగిన సాధన

హనుమకొండలోనో వరంగల్‌లోనో జంటగా చేసే బాల్‌రూమ్ నృత్యం నేర్చుకోవాలనుకునేవారు, జత కుదిరేదాకా ఆగకుండా, అందులో ఒకటైన, మూడేసి బీట్ల లయతో సాగే నెమ్మది వాల్ట్జ్‌లోని బాక్స్ స్టెప్‌ను, అంటే నేల మీద చతురస్రం గీసినట్టు వేసే ఆరు అడుగులను, ఇంట్లో ఒంటరిగా సాధన చేయవచ్చు. జంటలో నడిపించేవారు ఎడమ పాదం ముందుకు వేసి, కుడి పాదం పక్కకు వేసి, ఎడమ పాదాన్ని దాని దగ్గరకు చేర్చాలి. తర్వాత కుడి పాదం వెనక్కి, ఎడమ పాదం పక్కకు వేసి, కుడి పాదాన్ని దగ్గరకు చేర్చాలి. అనుసరించేవారు కుడి పాదం వెనక్కి వేయడంతో మొదలుపెడతారు. పోటీల్లో ఈ నృత్యం నిమిషానికి సుమారు 84 నుంచి 90 బీట్ల వేగంతో సాగుతుంది గానీ, కొత్తవారు ఫోన్‌లోని మెట్రోనోమ్‌ను (సమాన వ్యవధిలో టిక్‌టిక్‌మని లయ చూపే యాప్‌ను) 60 దగ్గర పెట్టుకుని మూడేసి లెక్కపెడితే చాలు.

బతుకమ్మ ఆడినవారికి చప్పట్లతో అడుగు కలపడం ఎలాగూ అలవాటే కనుక లెక్క త్వరగానే పట్టుబడుతుంది; అసలు ఇబ్బంది బరువు మార్చడంలో వస్తుంది. మూడో బీటుకు, దగ్గరకు చేర్చిన పాదం మీదికి శరీర భారం పూర్తిగా రాకపోతే, తర్వాత ఏ కాలు కదపాలో తెలియక తడబడతారు. అందువల్ల అక్కడ ఒక్క క్షణం ఆగి, రెండో కాలిని నేల నుంచి కాస్త ఎత్తి చూసుకోవాలి. రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ బూట్లు నేలను పట్టేసి, మలుపులలో మోకాలిపై ఒత్తిడి పెంచుతాయి. నున్నటి టైల్స్ మీద మేజోళ్లు జారుతాయి కాబట్టి తోలు అడుగున్న బూట్లు మేలు.