శివారు చౌడు చేలో వరికి ఎరువు వేసే తీరు

మాది నాగాయలంక మండలం, కాలువకు ఆఖరున రెండెకరాలు. వేసవిలో గట్టెక్కి చూస్తే చేనంతా ఉప్పు తేలి సున్నం చల్లినట్టు ఉంటుంది. మొదట్లో పైరు ఎదగడం లేదని యూరియా ఇంకో బస్తా, ఇంకో బస్తా వేసేవాణ్ణి. ఎరువు కూడా ఉప్పులాగే పనిచేస్తుంది. కడగని చౌడులో వేస్తే వేరుకు నీరందక పైరు ఇంకా మాడుతుంది. అది తెలిసేసరికి రెండు పంటలు పోయాయి.

ముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటి, పీహెచ్ (క్షార గుణం చెప్పే అంకె) 8.5 లోపుంటే తెల్ల చౌడు. దానికి జిప్సం వేయడం దండగ, అది సోడియం, క్షారం ఎక్కువున్న కారు చౌడుకు మందు. తెల్ల చౌడుకు మంచి నీళ్లే మందు. చేనును చిన్న మడులుగా కట్టి, నిండా నీరు పెట్టి, దమ్ము చేసి (నీటిలోనే దున్ని బురద చేసి), రెండు మూడు రోజులాగి వదిలేయాలి. ఇలా మూడు నాలుగు సార్లు. ఆ నీరు పక్కవాళ్ల చేలోకి పోకూడదు, మురుగు బోదెలోకే పోవాలి. బోదె పూడిపోతే ఎంత కడిగినా ఉప్పు ఎటూ పోదు.

నీళ్లు ముందుగా వచ్చిన ఏడాది పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నండి. చౌడును జనుము కంటే జీలుగే బాగా తట్టుకుంటుంది.

నాటేది ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు. మచిలీపట్నం పరిశోధన స్థానం వాళ్ల ఎంసీఎం 100 లాంటి చౌడును తట్టుకునే రకమైతే మంచిది.

నత్రజని మామూలు మోతాదు కన్నా పావు వంతు ఎక్కువే కావాలి, కానీ ఒక్కసారే కుమ్మరించొద్దు. దమ్ములో కొంత, పిలకలప్పుడు కొంత, అంకురం దశలో (లోపల కంకి మొదలయ్యేటప్పుడు) మిగతాది. నీరు తీసి బురద పదునులో చల్లి, 48 గంటల్లోపే మళ్లీ పలచగా నీరు పెట్టండి. అంతకు మించి ఆరితే ఉప్పు పైకి లేస్తుంది.

జింకు మాత్రం మరవొద్దు. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్, భాస్వరం ఎరువుతో కలపకుండా వేయాలి. నాటిన మూడో వారం ఒక ముదురాకు తుంచి చూడండి. తుప్పు రంగు మచ్చలుండి, వంచితే పెటుక్కున విరిగితే జింకు లోపమే. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండుసార్లు పిచికారీ చేస్తే కొత్తాకు పచ్చగా వస్తుంది.

ఈనే సమయానికి కాలువ నీరు ఆగితే, టెన్షన్‌లో మురుగు నీళ్లకు ఇంజను పెట్టేయకండి. ముందు ఆ నీటి ఈసీ చూపించండి.