ఫ్లోర్ కోటింగ్ పొక్కులు వస్తోందా? డబ్బా మార్చే ముందు అతుకులు చూడండి

ఆఫ్‌రోడ్ బండిలో కార్పెట్ పీకేసి, ఫ్లోర్‌కి బెడ్‌లైనర్ (పికప్ ట్రక్కు వెనక తొట్టికి వేసే పూత) లాంటి గట్టి కోటింగ్ వేస్తారు. కొన్నాళ్లకు అది లేస్తుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: "ఈసారి ఏ కంపెనీది వేయమంటారు?" నేను ముందు అడిగేది మాత్రం "ఎక్కడ లేచింది?" అని. అది చూడకుండా డబ్బా మారిస్తే కొత్త కోటింగ్ కూడా అక్కడే లేస్తుంది. రేకును గరుకు చేయడం, మాస్కింగ్ వేయడం, హార్డెనర్ కలపడం మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడుతోంది

ఊడిన పెచ్చు కింద రేకు మీది పెయింట్ చూడండి. అది ఇంకా నున్నగా మెరుస్తుంటే సాండింగ్ సరిగా జరగలేదని అర్థం. గీతలు ఉండి కూడా కోటింగ్ శుభ్రంగా ఊడి వస్తుంటే నూనె గానీ సిలికాన్ గానీ ఉండిపోయింది. డ్యాష్‌బోర్డుకి కొట్టే పాలిష్ స్ప్రేలలో సిలికాన్ ఉంటుంది, అది ఫ్లోర్ మీదా పడుతుంది. దాన్ని తుడవకుండా సాండ్‌పేపర్ పెడితే గీతల్లోకి ఇంకుతుంది. అందుకే ముందు గ్రీజ్ రిమూవర్, తర్వాతే సాండింగ్, ఆ తర్వాత మళ్లీ గ్రీజ్ రిమూవర్. ఒక గుడ్డతో తడిపి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి.

పెచ్చు వెనక నల్లటి తారు అంటుకుని వస్తే, శబ్దం తగ్గడానికి ఫ్యాక్టరీలో అంటించిన ప్యాడ్ల మీదే కోటింగ్ వేశారన్నమాట. ఆ ప్యాడ్లు మొత్తం గీకేయాలి, వేరే దారి లేదు.

అతుకు వెంబడి వరసగా పొక్కులు

ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. కోటింగ్ నాసిరకమనీ, వేసినవాడికి పని రాదనీ నింద అటు పోతుంది. అసలు కారణం చాలాసార్లు కోటింగ్ వేయడానికి ముందు ఫ్లోర్‌ని కడిగిన నీళ్లే.

బండి ఫ్లోర్ ఒకే రేకు కాదు. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్, పక్కన తలుపు కింది గడపలాంటి సిల్, సీట్ల కింద అడ్డపట్టీ, వీటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డ్ చేసి, అంచు మీద సీమ్ సీలర్ (అతుకుని మూసే పేస్టు) పూస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సీలర్‌లో వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. ప్రెషర్ వాషర్‌తో కడిగినప్పుడు ఆ పగుళ్ల గుండా నీరు రెండు రేకుల సందులోకి పాకుతుంది. పైన రేకు కాసేపట్లో ఆరిపోతుంది, చేత్తో తడిమితే పొడిగానే ఉంటుంది. సందులో నీరు మాత్రం రోజుల తరబడి అలాగే నిలుస్తుంది. గాలి తగలని చోట అది ఆరేదెలా?

దాని మీద కోటింగ్ పడితే రెండు రకాలుగా చెడుతుంది. యూరిథేన్ కోటింగుల్లో గట్టిపడే భాగం ఐసోసయనేట్. అది నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ఆ పొక్కులు కోటింగ్ ఆరేలోపే కనిపిస్తాయి, కోసి చూస్తే లోపల స్పాంజిలా ఉంటుంది. రెండోది కోటింగ్ బాగా గట్టిపడ్డాక వస్తుంది. బండి ఎండలో నిలబడి ఫ్లోర్ కాలినప్పుడు సందులోని నీరు ఆవిరై కోటింగ్‌ని కింది నుంచి తోస్తుంది. ఆ పొక్కు కోస్తే చెమ్మ గానీ, తుప్పు రంగు నీరు గానీ కనిపిస్తుంది.

చూసుకోవడం చాలా తేలిక. అతుకు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేప్ వేయండి. ఎండలో ఉంచండి, లేదా హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి పక్కనున్న రేకును వెచ్చచేయండి. ప్లాస్టిక్ లోపలి వైపు మసక పట్టిందంటే సందులో నీరుంది, ఆ రోజు కోటింగ్ వేయకూడదు. వేలకు వేలు పోసి కోటింగ్ కొనేవాళ్లు ఈ ముక్క ప్లాస్టిక్ అంటించడానికి బద్ధకిస్తున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పొడిగా ఉన్న ఫ్లోర్ మళ్లీ తడుస్తోందేమో కూడా చూడండి. ఒకరు లోపల టార్చ్‌తో కూర్చోవాలి, ఇంకొకరు విండ్‌షీల్డ్ కింది అంచు మీద, డోర్ రబ్బర్ల మీద పైపుతో నీళ్లు పోయాలి. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా నీరు కాళ్ల దగ్గరికే దిగుతుంది. లీకు మూయకుండా వేసిన ఏ కోటింగూ నిలవదు.

ఇప్పటికే పొక్కులు వచ్చేసుంటే ఆ చోట మాత్రం కోయండి. పొక్కు దాటి, గట్టిగా పట్టుకున్న కోటింగ్ వచ్చేదాకా వెనక్కి వెళ్లండి. పాత సీలర్‌ని స్క్రేపర్‌తో పూర్తిగా తవ్వి తీయండి, సగం వదిలేస్తే నీటికి మళ్లీ దారి ఇచ్చినట్టే. కంప్రెసర్ గాలితో సందుని ఊదండి. తర్వాత మెల్లగా వెచ్చచేయండి. దానికి ముందు ఫ్లోర్ కింద ఫ్యూయెల్ లైను, వైరింగ్ ఎక్కడ పోతున్నాయో చూసుకోవాలి. తలుపులు తీసి రాత్రంతా వదిలేసి, మర్నాడు ప్లాస్టిక్ పరీక్ష మళ్లీ చేయండి. మసక లేకపోతేనే తుప్పు గీకి ఎపాక్సీ ప్రైమర్, దాని మీద కొత్త పాలీయూరిథేన్ సీమ్ సీలర్, అది ఆరాక కోటింగ్. పాత కోటింగ్ అంచుని గరుకు చేసి కొత్తది దాని మీదికి కొంత ఎక్కించాలి.

సాయంత్రం పూట వేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. రేకు వేడి, గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. లేకపోతే కంటికి కనబడని తేమ రేకు మీదే చేరుతుంది.

ఫ్లోర్‌లోని డ్రెయిన్ ప్లగ్గుల మీద కోటింగ్ పడనివ్వకండి. నదిలో దిగి వచ్చాక నీరు పోయే దారి అదే.

వాసన పోవట్లేదు, ఎండకి జిగట అవుతోంది

చాసిస్ కింద కొట్టే రబ్బరు, తారు రకం అండర్‌కోటింగ్‌ని లోపల వేశారు. అది లోపలికి పనికిరాదు, గీకేయాల్సిందే. సరైన కోటింగే అయితే హార్డెనర్ పాళ్లు తప్పి ఉంటాయి, లేదా ఒకేసారి మందంగా వేయడం వల్ల సాల్వెంట్ లోపల చిక్కుకుని ఉంటుంది.

రంగు వెలిసి తెల్లబారింది

ఆరోమాటిక్ రకం యూరిథేన్ ఎండకు తట్టుకోదు. టాప్ తీసి తిరిగే జీపుకి ఎండకు తట్టుకునే అలిఫాటిక్ రకమే ఎంచుకోండి, లేదా పాతదాని మీద అలిఫాటిక్ టాప్‌కోట్ వేయండి. ఎప్పుడూ మూసి ఉండే బండికి ఈ విషయంలో అంత టెన్షన్ అక్కర్లేదు.

కోటింగ్ తర్వాత లైట్లు మిణుకుమంటున్నాయి

ఎర్త్ పాయింట్ల మీద, అంటే వైర్లు బండి రేకుకి బిగించే చోట, కోటింగ్ పడింది. అక్కడ రేకు బయటపడేదాకా గీకి, బోల్టు మళ్లీ బిగించండి. సీటుబెల్టు, సీటు బోల్టులు కూర్చునే చోట కూడా మందపాటి కోటింగ్ ఉండకూడదు. అది నలిగేకొద్దీ బిగింపు తగ్గుతుంది, అది ప్రాణాలకు సంబంధించిన బోల్టు.

ఇక ఏ రకం అన్న ప్రశ్న. ఇంట్లో మీరే వేసుకుంటే రోలర్‌తో వేసే యూరిథేన్ చాలు, రేపు ఒక మూల లేచినా అంతవరకే బాగుచేసుకోవచ్చు. స్ప్రే గన్‌తో కొట్టే రెండు భాగాల కిట్ ఇంకా సమానంగా వస్తుంది. కానీ ఐసోసయనేట్ ఆవిరికి మామూలు దుమ్ము మాస్క్ ఏమాత్రం సరిపోదు, ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే దానివల్ల వచ్చే ఆస్తమా జీవితాంతం వదలకపోవచ్చు. బయటి గాలి అందించే మాస్క్ లేకపోతే గన్ పట్టుకోకండి. వేడిగా స్ప్రే చేసే పాలీయూరియా చాలా గట్టిది. అయితే సెకన్లలో గడ్డకడుతుంది కాబట్టి దానికి ప్రత్యేక మెషీన్ కావాలి, తర్వాత కోసి రిపేరు చేయడం కష్టం. అతుకుల్లో తుప్పు మొదలైన పాత బండికి నేను దాన్ని సిఫార్సు చేయను. ఏది వేసినా సన్నటి గరుకే ఎంచుకోండి, ముతకదాంట్లో బురద ఇరుక్కుంటే కడగడం నరకం.

హార్డెనర్ డబ్బా పాతబడటం, ప్రైమర్‌కీ కోటింగ్‌కీ పడకపోవడం కూడా ఉంటాయి కానీ అరుదు. ముందుగా ఒక చిన్న రేకు ముక్క మీద వేసి చూస్తే అవి తెలిసిపోతాయి.