మంచు పడకముందే మీ ట్రాక్టర్ గుణం తెలుసుకోండి

అక్టోబరు దాటితే అమెరికా పశ్చిమ రాష్ట్రాల కనుమ దారుల్లో ఏ రాత్రి మంచు పడుతుందో చెప్పలేం. ట్రక్కు స్టాపుల్లో నలుగురు డ్రైవర్లు కలిస్తే, సరుకు ట్రైలర్‌ను లాగే ముందు బండి, అంటే ట్రాక్టర్, ఏ కంపెనీది మంచిదన్న వాదన ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. ఒకరు పీటర్‌బిల్ట్ తప్ప మరోటి బండే కాదంటారు, ఇంకొకరు వోల్వో సీటు దిగనంటారు. ఎండిన రోడ్డు మీద ఆ ఇష్టాయిష్టాల వల్ల ఎవరికీ నష్టం లేదు. టైరు పట్టు తప్పే రోడ్డు మీద మాత్రం లెక్క వేరు. ఈ బండి ఎటు జారుతుంది, ఎంత త్వరగా జారుతుంది, జారబోయే ముందు మన చేతికి కబురు అందిస్తుందా లేదా? మీకు అప్పగించిన బండి విషయంలో ఈ ప్రశ్నలకు జవాబు తొలి మంచు పడకముందే మీ దగ్గర ఉండాలి.

మన దగ్గర లారీలు నడిపి ఇక్కడికి వచ్చినవారికి ఇది మరీ ముఖ్యం. అక్కడ బండికి ముక్కు ఉండదు, ముందు చక్రాల మీదే మన సీటు. ఇక్కడ చక్రాలు మనకంటే ముందు, బానెట్ కింద ఎక్కడో ఉంటాయి. వానాకాలంలో శ్రీశైలం ఘాట్ దిగిన డ్రైవర్‌కు చిన్న గేరు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అయితే వాన నీటిలో టైరుకు ఎంతో కొంత పట్టు మిగులుతుంది, గాజులా పేరుకున్న మంచు మీద దాదాపు ఏమీ మిగలదు.

ముందుగా బండి పొడవు చూడండి. కెన్‌వర్త్ డబ్ల్యూ900, పీటర్‌బిల్ట్ 389 లాంటి పొడుగు ముక్కు బళ్లలో ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాల ఇరుసు, బంపర్‌కు దగ్గరగా ఉంటుంది. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం ఎక్కువ. అందుకే తిన్నని దారిలో నిలకడగా పోతాయి, వెనుక భాగం పక్కకు జారడం మొదలైనా నెమ్మదిగా జారుతుంది, సర్దుకోవడానికి క్షణం చిక్కుతుంది. దానికి బదులుగా మలుపులో చాలా చోటు అడుగుతాయి, ముక్కు కింద ఏముందో కనిపించదు. ఫ్రైట్‌లైనర్ కాస్కాడియా, కెన్‌వర్త్ టి680, వోల్వో వీఎన్ఎల్ బళ్లలో యాక్సిల్ వెనక్కి జరిగి ఉంటుంది, బానెట్ వాలుగా దిగుతుంది. ఇరుకు చోట చక్కగా తిరుగుతాయి, రోడ్డు దగ్గరి నుంచే కనిపిస్తుంది. పడక లేని పొట్టి డే క్యాబ్‌లతో అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాలి. ఊరి వీధుల్లో వాటంత హాయి మరొకటి లేదు, కానీ జారే రోడ్డు మీద తోక విసురుగా తిరుగుతుంది, మనం గమనించేసరికే సగం పని అయిపోతుంది. పొడుగు బండి నుంచి డే క్యాబ్‌కు మారిన వారం రోజులూ మీ వేగాన్ని మీరే ఒక మెట్టు దించుకోండి.

వెనుక ఉన్న రెండు యాక్సిళ్లలో ఎన్నింటికి ఇంజను శక్తి అందుతుందో తప్పకుండా అడిగి తెలుసుకోండి. డీజిల్ ఆదా కోసం కొన్ని కంపెనీలు ఒక్క యాక్సిల్ మాత్రమే తిప్పే 6×2 బళ్లు కొంటాయి. చదును దారిలో తేడా తెలియదు. మంచు పడిన ఎత్తు మీద ఆగి మళ్లీ కదలాలంటే అప్పుడు తెలుస్తుంది. రెండూ తిప్పే 6×4 బండిలో, డ్రైవ్ చక్రాలన్నీ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ స్విచ్ ఎక్కడుందో చీకట్లో కూడా చేతికి తెలియాలి. చక్రాలు తిరిగిపోతున్నప్పుడు ఆ స్విచ్ వేయకండి, లోపలి పళ్లు విరుగుతాయి. జారే చోటుకు చేరకముందే, నెమ్మదిగా పోతున్నప్పుడే వేయాలి. పొడి రోడ్డు రాగానే తీసేయాలి.

ఇక జేక్ బ్రేక్, అంటే ఇంజను బ్రేకు. 1931లో కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమలో బ్రేకులు పట్టు కోల్పోయిన ట్రక్కులో ప్రాణాలతో బయటపడిన క్లెస్సీ కమిన్స్, ఇంజనే బండిని ఆపేలా చేయాలని అప్పటి నుంచీ ఆలోచించారు. ఆయన రూపొందించిన ఆ పరికరం 1961లో జేకబ్స్ కంపెనీ ద్వారా మార్కెట్లోకి వచ్చింది. పొడి వాలులో అది మనకు ప్రాణదాత. మంచు మీద దాని గుణం మారుతుంది. అది ఆపేది ఇంజను తిప్పే వెనుక డ్రైవ్ చక్రాలనే కాబట్టి, పట్టు లేని చోట ఆ చక్రాలు జారి ట్రాక్టర్ ట్రైలర్ వైపు మడత పడుతుంది. ఖాళీ బండిలో ఈ ముప్పు మరింత ఎక్కువ. రోడ్డు తడిసి మెరుస్తూ, వాతావరణం గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటే జేక్ ఆపేయండి. ఎండినట్టు కనిపించినా వంతెనల మీద వాడకండి, వంతెనలు రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి.

ఇక్కడ గేరుబాక్సు సంగతీ కలిపి చూడాలి. వోల్వో ఐ-షిఫ్ట్, డెట్రాయిట్ డీటీ12 లాంటివి గేర్లు తామే మార్చుకుంటాయి. ఇంజను బ్రేకు గట్టిగా వేస్తే అవి చిన్న గేరుకు దిగి ఇంజను వేగం పెంచుతాయి. పొడి వాలులో మనకు కావలసింది అదే, మంచు వాలులో ఆ కుదుపు ఒక్కటే చక్రాలను జార్చడానికి చాలు. వాలు మొదలుకాకముందే మాన్యువల్‌కు మారి, తగిన గేరులో పెట్టి, అక్కడే ఉంచండి. ఆరెగాన్‌లో పెండిల్టన్‌కు తూర్పున ఐ-84 రహదారి మీద డ్రైవర్లు క్యాబేజ్ హిల్ అని పిలిచే దిగుడు ఉంది. 6 మైళ్లలో 2,000 అడుగులు దిగుతుంది, మెలికలు వేరే. అక్కడ సగం దిగాక గేరు గురించి ఆలోచిస్తే అప్పటికే ఆలస్యమైనట్టే.

సరుకు లేదు కదా, తేలిగ్గా ఆగుతుందనుకోవడం కొత్తవారిలో కనిపించే ప్రమాదకరమైన నమ్మకం. ఈ బ్రేకులు, స్ప్రింగులు 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నుల బరువుకు తగ్గట్టు చేసినవి. ఖాళీ ట్రైలర్‌తో చక్రాలు ఎగిరి, బిగుసుకుని జారతాయి. ట్రైలర్ లేకుండా ఒంటరిగా పోయే ట్రాక్టర్ అయితే పూర్తి లోడు ఉన్న బండి కంటే ఎక్కువ దూరం తీసుకుని ఆగవచ్చు. దీనికి గాలి తోడైతే ఇంకా కష్టం. వయోమింగ్‌లో ఐ-80 మీద లారమీ, రాలిన్స్ మధ్య ఎల్క్ మౌంటెన్ ప్రాంతంలో గాలికి ఖాళీ బాక్సు ట్రైలర్లు పక్కకు ఒరిగిపోతాయి. తేలిక బళ్లకు దారి మూసేశారని బోర్డు పెడితే, మీ బండి తేలికో కాదో తేల్చేది మీ తూకం చీటీ. ట్రాక్టర్ పెద్దదని భరోసా పెట్టుకోకండి.

2017 ఆగస్టు తర్వాత తయారైన మామూలు మూడు యాక్సిళ్ల ట్రాక్టర్లలో, బండి అదుపు తప్పబోతే తానే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. మంచిదే, కానీ లేని పట్టును అది సృష్టించలేదు. బంపర్‌లోని రాడార్ మీద మంచు పేరుకుంటే ఆటోమేటిక్ బ్రేకింగ్ పనిచేయదు. ఆగిన ప్రతిచోటా లైట్లతో పాటు దాన్నీ తుడవండి. వేగాన్ని తానే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్‌ను జారే రోడ్డు మీద వాడనే వాడకండి.

చలి బండికి చేసే చెరుపు కూడా తక్కువేమీ కాదు. టెక్సాస్‌లో నింపిన డీజిల్‌తో నార్త్ డకోటా పోతే ట్యాంకులోనే మైనం తేలి ఫిల్టర్ మూసుకుపోతుంది. డీజిల్ మసకబారకముందే, ఇంకా వెచ్చగా ఉండగానే మైనం తేలకుండా చేసే మందు కలపాలి. ఇంజను పొగను శుభ్రం చేసే డెఫ్ ద్రవం మైనస్ 11 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. భయపడనక్కరలేదు, బండే దాన్ని కరిగించుకుంటుంది. అందులో వేడినీళ్లు, యాంటీఫ్రీజ్ లాంటివి మాత్రం పోయకండి. గాలి ట్యాంకుల్లో చేరిన నీటిని రోజూ వదలండి. తడి మంచులో నడిపి రాత్రి ఆపబోయే ముందు బ్రేకును కొద్దికొద్దిగా నొక్కుతూ పోతే డ్రమ్ములు వేడెక్కి ఆరతాయి. లేకపోతే తెల్లారేసరికి బ్రేకు లైనింగు డ్రమ్ముకు అతుక్కుపోతుంది. పొద్దున కదలగానే అద్దంలో ట్రైలర్ చక్రాలను చూడండి. ఒక చక్రం తిరగకుండా మంచు మీద నున్నటి చార గీస్తూ వస్తుంటే వెంటనే ఆపి, బండి దొర్లకుండా అడ్డుదిమ్మలు వేసి, సుత్తితో డ్రమ్మును తట్టి విడిపించండి. అలాగే రోడ్డెక్కితే కొద్ది దూరంలోనే టైరు ఒకవైపు అరిగిపోతుంది.

వేగం విషయంలో డ్రైవింగ్ లైసెన్సు పుస్తకం చెప్పేది కొత్త పాత తేడా లేకుండా అందరూ పాటించాల్సిందే. తడి రోడ్డు మీద మూడో వంతు తగ్గించండి, గట్టిపడిన మంచు మీద సగానికి తగ్గించండి. గాజు మంచు మీద పాకుతూ పోయి, సురక్షితమైన చోటు దొరకగానే ఆగిపోండి. నల్లటి తడిలా కనిపించే మంచును పట్టుకోవడానికి ముందు వాహనం టైర్లను చూడండి. రోడ్డు తడిగా ఉన్నా టైర్ల నుంచి నీటి తుంపర లేవడం ఆగిపోయిందంటే, ఆ నీరు గడ్డకట్టిందన్నమాట. కిటికీ దించి అద్దం ముందు అంచును తడిమి చూడండి, అక్కడ మంచు పొర తగిలితే రోడ్డు మీదా ఉండే అవకాశం ఎక్కువ.

మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే చైన్లు ఇప్పుడే బయటికి తీసి చూసుకోండి. కొలరాడోలో ఐ-70 మీద డోట్సెరో, మారిసన్ మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా బండిలో అవి ఉండి తీరాలి. టైరు కొలత మారితే పాత చైన్లు సరిపోవు, బండి మార్చినప్పుడు ఇది చాలామంది మరిచిపోతారు. యార్డులో పొడి నేల మీద ఒకసారి పూర్తిగా వేసి తీయండి. చేతి తొడుగులు, తలకు కట్టుకునే దీపం, మెరిసే చొక్కా చైన్లతో పాటే ఉంచండి.

బళ్లను లోడ్లకు పంపే డిస్పాచర్ ఎంత తొందరపెట్టినా, దారి ప్రమాదకరంగా మారితే బండి ఆపాలన్నది ఫెడరల్ నియమం. 392.14 అనే సెక్షన్లో అది స్పష్టంగా ఉంది. నియమం మీరి నడపమని డ్రైవర్‌ను బెదిరించడం 2016 నుంచి కంపెనీలకూ సరుకు పంపేవారికీ నిషిద్ధం. అలాంటి మాట ఫోనులో వస్తే, దాన్నే మెసేజ్‌గా పంపమని మర్యాదగా అడగండి, ఆ మెసేజ్ దాచుకోండి. మీరు ఆగిన చోటు, సమయం, రోడ్డు ఫోటో కలిపి వెంటనే జవాబు పంపండి.