షేర్డ్ లైబ్రరీ తప్పుడు చోటు నుంచి లోడైతే కనిపెట్టి సరిచేసే విధానం

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోని కళాశాల ల్యాబుల్లో ఒకే లినక్స్ యంత్రాన్ని పలువురు విద్యార్థులు పంచుకుంటారు కనుక, "నిన్నటిదాంక మంచిగనే నడిచింది సార్" అన్న మాట ల్యాబు చూసుకునేవారికి కొత్తేమీ కాదు. తెర మీద ‘జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్_3.4.30 నాట్ ఫౌండ్’ (అంటే సీ++ లైబ్రరీలో కావలసిన వెర్షన్ దొరకలేదు) అని కనిపించగానే చాలామంది ఆ షేర్డ్ లైబ్రరీని, అంటే పలు ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైలును, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకుంటారు. చాలా సందర్భాల్లో దాని అవసరమే ఉండదు. సరైన ఫైలు యంత్రంలోనే ఉంటుంది, కానీ లోడర్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను వెతికి కలిపే భాగం) దానికంటే ముందు మరొక దాన్ని అందుకుంటుంది. క్లాక్‌టవర్ దగ్గర నిలబడి "యాదగిరీ" అని కేకేస్తే నలుగురు తిరిగి చూసినట్టు, ఒకే పేరుగల లైబ్రరీ నాలుగు చోట్ల ఉంటే లోడర్ ముందు ఎదురైనదాన్నే వెంట తీసుకుపోతుంది.

ఆ వెతుకులాటకు ఒక క్రమం ఉంది. ప్రోగ్రామ్‌లోనే రాసి ఉన్న ఆర్‌పాత్ అనే డైరెక్టరీల జాబితాను, దాని కొత్త రూపమైన రన్‌పాత్ లేనప్పుడు మాత్రమే, మొదట చూస్తుంది. తరువాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను (షెల్‌లో, అంటే టర్మినల్‌లో కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్‌లో, పెట్టుకునే వేరియబుల్), ఆపైన రన్‌పాత్‌ను, పిదప ఎల్‌డీకాన్ఫిగ్ అనే కమాండ్ తయారుచేసిన క్యాష్‌ను (లైబ్రరీల చిరునామాల జాబితా), చివరగా /లిబ్, /యూఎస్‌ఆర్/లిబ్ వంటి డిఫాల్ట్ డైరెక్టరీలను చూస్తుంది.

కనుక దేన్నీ మార్చకముందే, ఏ ఫైలు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలి. ‘ఎల్‌డీడీ’ కమాండ్‌కు ప్రోగ్రామ్ పేరు ఇస్తే ప్రతి లైబ్రరీ ఎదుట దాని పూర్తి పాత్ కనిపిస్తుంది. అయితే నమ్మకం లేని ఫైలు మీద ఎల్‌డీడీ నడపరాదు, ఎందుకంటే కొన్ని పరిస్థితుల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపించవచ్చు. అటువంటప్పుడు ‘రీడ్‌ఎల్ఫ్ -డి’ సురక్షితం, పైగా అందులో ఆర్‌పాత్, రన్‌పాత్ కూడా కనిపిస్తాయి. ఇంతటితో తేలకపోతే ప్రోగ్రామ్ ముందు ‘ఎల్‌డీ_డీబగ్=లిబ్స్’ అని చేర్చి నడపండి. లోడర్ ఏ డైరెక్టరీలో వెతికిందో, ఆ డైరెక్టరీ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ ఫైలును ప్రయత్నించిందో వరుసగా చెబుతుంది. నా దృష్టిలో ఈ చిక్కుకు ఇంతకు మించిన సాధనం లేదు.

పై ఉదాహరణనే తీసుకుంటే, 3.4.30 అన్నది జీసీసీ 12 కంపైలర్‌తో వచ్చిన వెర్షన్. ఒక విద్యార్థి తన హోమ్ డైరెక్టరీలో పాత పైథాన్ ప్యాకేజీల కట్టను ఇన్‌స్టాల్ చేసుకొని, దాని లిబ్ డైరెక్టరీని ‘.బాష్ఆర్‌సీ’లో (టర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే ఫైలు) ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌కు చేర్చి ఉంటే, అందులోని పాత లిబ్‌ఎస్‌టీడీసీ++ (ఆ సీ++ లైబ్రరీ ఫైలే) సిస్టమ్‌దాని కంటే ముందుకు వస్తుంది. ఆ టర్మినల్‌లో ‘అన్‌సెట్ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ అని టైప్ చేసి ప్రోగ్రామ్‌ను మళ్లీ నడపండి. నడిస్తే కారణం తేలినట్టే. ఆ వేరియబుల్ విలువలో డైరెక్టరీలను వేరుచేసే కోలన్లు పక్కపక్కన రెండు ఉన్నా, చివర ఒక కోలన్ మిగిలినా అక్కడి ఖాళీని లోడర్ ప్రస్తుత డైరెక్టరీగా భావిస్తుంది. అందువల్ల ఒక డైరెక్టరీలో నడిచిన ప్రోగ్రామ్ మరొక డైరెక్టరీలో ఆగిపోవచ్చు.

కారణం తెలిశాక ‘.బాష్ఆర్‌సీ’లోని ఆ వరుసను తీసివేయండి. ఆ వేరియబుల్‌ను శాశ్వతంగా పెట్టుకోవడం మంచి అలవాటు కాదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఒక ప్రోగ్రామ్ కోసం పెట్టినది ఆ షెల్ నుంచి మొదలయ్యే ప్రతి ప్రోగ్రామ్‌కూ అంటుకుంటుంది. అవసరమైన ప్రోగ్రామ్‌కు మాత్రమే చిన్న స్క్రిప్టు ద్వారా ఇవ్వండి. ప్రోగ్రామ్ మీరే కంపైల్ చేసేదైతే, లింకు చేసే సమయంలో డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘ఆరిజిన్’ను (ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీ అని అర్థం) వాడి రన్‌పాత్ రాయండి, కంపైల్ అయిపోయినదైతే ‘పాచ్‌ఎల్ఫ్’ అనే సాధనంతో మార్చవచ్చు. అయితే రన్‌పాత్ నేరుగా అవసరమైన లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు కోరే లైబ్రరీలకు వర్తించదు. అందరికీ కావలసిన లైబ్రరీ అయితే దాని డైరెక్టరీని /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డి లోని ఒక ఫైలులో రాసి, రూట్‌గా ‘ఎల్‌డీకాన్ఫిగ్’ నడపాలి.

లిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామ్ వాడే మూల సీ లైబ్రరీ) ఫైలును మాత్రం మరొక యంత్రం నుంచి తెచ్చి ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ చూపే డైరెక్టరీలో పెట్టవద్దు. అది లోడర్‌తో జతగా ఉండవలసిన ఫైలు. జత తప్పితే ‘ఎల్‌ఎస్’ కూడా నడవకపోవచ్చు. అప్పటికే తెరిచి ఉన్న షెల్‌లో ‘అన్‌సెట్’ పనిచేస్తుంది, ఎందుకంటే అది షెల్‌లోనే ఉన్న కమాండ్.

దిద్దుబాటు తరువాత, ముందు నుంచీ నడుస్తున్న సర్వీసులు పాత ఫైలునే పట్టుకొని ఉంటాయి కనుక వాటిని రీస్టార్ట్ చేసి, /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరులో ఉండే ‘మ్యాప్స్’ ఫైలు తెరిచి, లోడైన లైబ్రరీ పాత్‌ను స్వయంగా చూసుకోండి.