ముల్లు గుచ్చుకున్న చోట గడ్డ లేచి వారాలైనా మానట్లేదా? ఇది చూడండి

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీలో చూసినా మిద్దెతోటలే కాబట్టి ఇది చెప్పాల్సిందే అనిపించింది.

సమస్య: గులాబీ ముల్లు వేలికి గుచ్చుకుంది, మర్చిపోయారు. కొన్ని వారాలకి అక్కడే ఎర్రగా చిన్న గడ్డ లేచింది, పెద్దగా నొప్పి లేదు, తర్వాత అది పగిలి పుండైంది, ఈలోగా మణికట్టు దగ్గర ఒకటి, మోచేతి వైపు ఇంకోటి, దారానికి పూసలు గుచ్చినట్టు వరసగా పైకి వస్తున్నాయి. యాంటీబయాటిక్ వాడినా తగ్గట్లేదు.

కారణం: స్పోరోథ్రిక్స్ అనే ఫంగస్‌ని అనుమానించాలి. మట్టిలో, ఎండుగడ్డిలో, కుళ్ళిన ఆకుల్లో ఉంటుంది, ముల్లుతో పాటు చర్మం లోపలికి పోయి లింఫ్ నాళాల వెంట పాకుతుంది. బయట 25 డిగ్రీల దగ్గర బూజులా ఉండేది ఒంట్లో 37 డిగ్రీలకి ఈస్ట్‌గా మారి బతికేస్తుంది. ఆకుల మీద బూడిద తెగులు తెచ్చే ఫంగస్ అలా బతకలేదు, దానికి భయపడక్కర్లేదు.

గడ్డల వరస లేకుండా, కాలి మీద పులిపిరిలా గరుగ్గా నెలల తరబడి పెరుగుతూ పైన నల్ల చుక్కలు కనిపిస్తే అది వేరే ఫంగస్‌లతో వచ్చే జబ్బు, పేరు క్రోమోబ్లాస్టోమైకోసిస్, ఇది ఇంకా మొండిది.

ఏం చెయ్యాలి: ముందు మెడికల్ షాపులో అడిగి ట్యూబ్ రాయడం ఆపండి ప్లీజ్, వాటిల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, పైకి ఎరుపు తగ్గినట్టు కనిపించి లోపల ఫంగస్ పెరుగుతుంది. స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్ళండి, ఉస్మానియా, గాంధీ రెండిట్లోనూ స్కిన్ ఓపీ ఉంది. ముల్లు గుచ్చుకుందని మీరే చెప్పాలి, ఎందుకంటే చర్మం టీబీ కూడా ఇలాగే కనిపించొచ్చు. బయాప్సీకి చర్మం ముక్క తీస్తే ఫంగల్ కల్చర్‌కి (ల్యాబ్‌లో ఫంగస్‌ని పెంచి చూసే పరీక్ష) కూడా పంపమని అడగండి, కల్చర్ ముక్క ఫార్మలిన్ అనే రసాయనంలో వేస్తే ఫంగస్ చచ్చిపోతుంది, సెలైన్‌లోనే పంపాలి. ఈ ఒక్క పొరపాటుతో రిపోర్ట్ నెగెటివ్ వచ్చేస్తుంది.

స్పోరోథ్రిక్స్ అని ఖాయమైతే మామూలుగా ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు ఇస్తారు, 3 నుంచి 6 నెలలు. పుండు మానింది కదా అని మధ్యలో ఆపొద్దు. క్యాప్సూల్స్ తిన్నాక వేసుకోవాలి, గ్యాస్ మాత్రలతో సరిగా పట్టదు. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్ళు ముందే చెప్పాలి.

కంట్లో ఆకో పుల్లో తగిలి ఎర్రబడితే మాత్రం ఆగొద్దు, స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకుండా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి.