దీపావళికి ఊరెళ్తున్నారా? షుగర్ ఉన్న పిల్లికి చెన్నైలో చేసి వెళ్లాల్సిన ఏర్పాట్లు

రెండు పూటలా ఇన్సులిన్ పడే పిల్లిని వదిలి నెల్లూరో విజయవాడో వెళ్లేటప్పుడు, చూసుకునేవాళ్లకు ముందుగా ఎక్కించాల్సిన మాట: ఒక డోసు తప్పినా పిల్లి తట్టుకుంటుంది, ఒక డోసు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వేశామో లేదో అనుమానం వస్తే వేయకూడదు. సూది జారి వెంట్రుకలు తడిసినా మళ్లీ వేయకూడదు.

బోర్డింగ్ కంటే ఇంటికి వచ్చి చూసేవాళ్లే మేలు. కొత్త చోట కుక్కల అరుపుల మధ్య పిల్లి తిండి మానేస్తుంది, బెదురుకే షుగర్ పైకి పోతుంది. అదే అపార్ట్‌మెంట్‌లో మనిషి దొరికితే అదృష్టం. ఐప్పసి (దీపావళి వచ్చే తమిళ నెల) వానలకు రోడ్డు మునిగినా మెట్లెక్కి వస్తారు. అయితే చూపించి ఊరుకోకండి. మీ ముందే వాళ్ల చేత నాలుగు డోసులు వేయించండి.

అసలు ప్రమాదం సిరంజిలో ఉంది. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు, నారింజ మూతది 100 యూనిట్ల సీసాకు. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్ల రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలో 2 గీత దాకా లాగితే లోపలికి పోయేది 5 యూనిట్లు! పండగ పూట సిరంజిలు అయిపోయి, పక్కింటావిడ మందుల షాపుకు పరిగెత్తి ‘ఇన్సులిన్ సూది’ అని అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. కాబట్టి ఆ అవసరమే రానివ్వకండి. నాలుగు రోజులకు ఎనిమిది సిరంజిలు, ఒక్కోటి ఒక్కో కవర్లో పెట్టి, తేదీ, పొద్దునో సాయంత్రమో రాయండి. కవరు ఖాళీ అయితే డోసు పడినట్టే. మరో రెండు విడిగా ఉంచండి.

డోసు కాగితం తమిళంలో రాయించండి. 2 అని అంకె వేసి, పక్కన యూనిట్లు అని పూర్తిగా రాయాలి. ఇంగ్లిష్ ‘యు’ అక్షరం ఒక్కటే పెడితే సున్నాలా కనబడి 20 అనుకుంటారు. సిరంజి బొమ్మ గీసి, లోపలి రబ్బరుకు సూది వైపు అంచు ఏ గీత దగ్గర ఆగాలో గుర్తు పెట్టండి.

తిండి ముందు, సూది తర్వాత. తినకపోతే సూది ఆపి ఫోన్ చేయాలి. సగమే తింటే ఏం చేయాలో డాక్టర్ని ముందే అడిగి ఆ కాగితం మీదే రాయండి.

ఇక టపాసులు. తమిళనాడులో 2018 నుంచి దీపావళికి అనుమతించే వేళలు పొద్దున 6-7, రాత్రి 7-8. చాలా ఇళ్లలో సూది వేసేదీ అప్పుడే. మంచం కిందికి దూరిన పిల్లిని లాగబోతే గీరుతుంది, డోసు సగం నేల పాలవుతుంది. ముందు రాత్రే తిండి, నీళ్లు, లిట్టర్ ట్రేతో లోపలి గదిలో పెట్టి తలుపు మూయించండి. బీరువా వెనక సందు ఉంటే మూసేయండి, లేకపోతే ఈ శ్రమంతా వృథా. సూది వేళ అరగంట అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

సూది పడిన నాలుగైదు గంటలకు ఒకసారి తొంగి చూడాలి. తూలడం, వణుకు, తల వాల్చేయడం, వింతగా ఆకలికి అరవడం షుగర్ పడిపోయిన గుర్తులు. స్పృహలో ఉంటే వెంటనే తిండి పెట్టాలి. తినలేకపోతే తేనె గానీ నీళ్లతో తడిపిన గ్లూకోజ్ పొడి గానీ చిగుళ్లకు రాయాలి. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే నోట్లో వేలు పెట్టకూడదు. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేప్పేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, మీ డాక్టరు క్లినిక్, ఈ రెండూ పండగ రోజు ఎన్నింటిదాకా ఉంటాయో వెళ్లేముందే కనుక్కోండి. పిల్లి బుట్ట గుమ్మం పక్కనే ఉండాలి.

గ్లూకోమీటర్ ఇచ్చి వెళ్తే ఒక షరతు: అంకె పెద్దగా వచ్చిందని డోసు పెంచకూడదు. వాంతులు, రోజంతా తిండి లేకపోవడం కలిసి వస్తే పండగ అయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరలో, 2-8 డిగ్రీల్లో ఉండాలి. కరెంటు పోతే కంగారుపడి ఫ్రీజర్లో పెట్టేస్తారు, అలా గడ్డకట్టిన మందు పనికిరాదు. 30 డిగ్రీలు దాటని గదిలో కొన్ని గంటలు ఉన్నా ఏమీ కాదు. గ్లార్జిన్ మబ్బుగా మారితే మాత్రం పారేసి, కొత్త సీసా తీయాలి. ఆ కొత్త సీసా ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉందో లేదో ఊరికి బయల్దేరే ముందు చూసుకోండి.