ప్రపంచ ఎక్స్‌పోలో జాతీయ పెవిలియన్‌కు నిధులు – మూడవ పాఠం: హామీ వేరు, జమ వేరు

ప్రపంచ ఎక్స్‌పో అనే అంతర్జాతీయ ప్రదర్శనలో ఒక దేశం నెలకొల్పే ప్రదర్శనశాలే జాతీయ పెవిలియన్. గత పాఠంలో దాని ఖర్చుల పట్టిక సిద్ధం చేసుకున్నాం. కట్టడంతో పాటు, ఆరు నెలల పాటు పెవిలియన్‌ను నడిపే సిబ్బంది జీతాలు, వారి వసతి, బీమా, చివరికి కట్టడాన్ని విప్పి స్థలాన్ని అప్పగించడానికయ్యే ఖర్చు కూడా అందులో చేర్చాం. ఇప్పుడు దానికి సరితూగే రాబడి పట్టిక రాయడం నేర్చుకుందాం.

రాబడికి ప్రధానంగా మూడు దారులున్నాయి: ప్రభుత్వ ఖజానా, సంస్థల విరాళాలు, ఆతిథ్య దేశపు సాయం. మూడవది ఎక్కువగా చిన్న దేశాలకు అందుతుంది. 2010 షాంఘై ఎక్స్‌పోలో వర్ధమాన దేశాలు పాల్గొనడం కోసం చైనా 10 కోట్ల డాలర్లు కేటాయించింది.

విరాళాల మీదే ఆధారపడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా అనుభవాన్ని శ్రద్ధగా చదవాలి. కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప విదేశాంగ శాఖ తన నిధులను ఎక్స్‌పో పెవిలియన్‌కు వెచ్చించరాదని 1999లో అక్కడ చట్టం వచ్చింది. విరాళాలు చాలక ఆ దేశం 2000లో జర్మనీలోని హానోవర్ ఎక్స్‌పోకు వెళ్లనే లేదు. షాంఘై పెవిలియన్‌కు కావలసిన దాదాపు 6.1 కోట్ల డాలర్ల సేకరణ కూడా ఎంతగా వెనకబడిందంటే, 2009లో విదేశాంగ మంత్రి పదవి చేపట్టిన హిల్లరీ క్లింటన్ స్వయంగా పూనుకొని కంపెనీలను కోరవలసి వచ్చింది. దుబాయ్ ఎక్స్‌పో నాటికి ఆ దారీ మూసుకుపోగా, ఆతిథ్య దేశమైన యు.ఏ.ఈ. ఖర్చు భరించింది. అంతటి సంపన్న దేశానికే ఈ ఇబ్బంది తప్పలేదంటే, లోపం డబ్బు లేకపోవడంలో కాదు, అది ఎప్పుడు చేతికి వస్తుందో తెలియకపోవడంలో ఉందని నా నమ్మకం.

అందుచేత రాబడి పట్టికలో మొత్తం పక్కన మూడు గడులు గీయండి: నోటి హామీ, సంతకమైన ఒప్పందం, ఖాతాలో జమ. కాంట్రాక్టరుకు పని అప్పగించే ముందు, అతనికి కట్టవలసిన వాయిదాలు మూడవ గడిలోని మొత్తంతో తీరుతాయో లేదో చూడండి. రెండవ గడిలోని సొమ్మును, ఒప్పందంలో చెల్లింపు తేదీ రాసి ఉన్నప్పుడు మాత్రమే, ఆ తేదీ తరువాతి వాయిదాలకు లెక్కించండి. మొదటి గడిని లెక్కలోకి తీసుకోకండి.

వస్తురూపంలో వచ్చే సాయాన్ని విడిగా రాయాలి. ఒక సంస్థ ఇరవై ప్రదర్శన తెరలు ఇస్తే, ఖర్చుల పట్టికలో తెరల పద్దు తగ్గుతుంది గానీ, వాటి విలువను రాబడిలో కలిపితే నెలాఖరున జీతాలకు డబ్బు ఉన్నట్టే కనిపించి, తీరా ఇవ్వబోయేసరికి ఉండదు. విప్పే ఖర్చును మాత్రం మొదటి జమలోంచే తీసి వేరే ఖాతాలో ఉంచండి. ఎక్స్‌పో ముగిశాక తమ పేరు ఎవరికీ కనిపించని పనికి విరాళమిచ్చే సంస్థ దొరకడం చాలా కష్టం.

అభ్యాసం: మీ పట్టికలోని అతి పెద్ద విరాళం నాలుగు నెలలు ఆలస్యమైందనుకొని, ఏ వాయిదా ముందుగా ఆగిపోతుందో గుర్తించండి. ఆ వాయిదాను తీర్చే మార్గాన్ని నాలుగవ పాఠంలో చూద్దాం.